ఏకగ్రీవంలో ఎన్ని మెడలు?

పంచాయతీ ఎన్నికల నోటిఫికేషన్ వెలువడగానే కృష్ణా జిల్లా పేజీల్లో ఒక మాటకు గిరాకీ పెరుగుతుంది. గుడివాడ వైపు ఇన్ని సర్పంచి పదవులు ఏకగ్రీవం, బందరు మండలంలో ఇన్ని, దివిసీమలో మరికొన్ని అంటూ లెక్కలు వస్తాయి. పక్కనే దండలు వేసుకున్న ఫొటో ఉంటుంది. 2021 ఎన్నికలప్పుడు రాష్ట్ర ప్రభుత్వం ఏకగ్రీవమైన పంచాయతీలకు జనాభానుబట్టి 5 లక్షల నుంచి 20 లక్షల రూపాయల దాకా ప్రోత్సాహకం ప్రకటించింది. ఒక మాటకు సర్కారు రేటు కట్టడం మన భాషలో అరుదు. కట్టింది కాబట్టి ఆ మాట విలువెంతో ఒకసారి తూచి చూడవచ్చు.

ఏక, గ్రీవ. గ్రీవమంటే మెడ. అందరిదీ ఒకే మాట అని చెప్పడానికి మధ్యలో మెడ ఎందుకొచ్చింది? పక్కింటివాళ్లను అడిగి చూద్దాం. పోటీ లేకుండా గెలిచినవాణ్ణి హిందీవారు ‘నిర్విరోధ్’ అంటారు. కన్నడంవారు ‘అవిరోధ’ అంటారు. ఎదురు నిలిచినవాడు లేడని ఉన్నది ఉన్నట్టు చెప్పేశారు. మనం మాత్రం ఆ లేనివాడి ఊసెత్తకుండా, ఉన్నవాళ్లందరికీ కలిపి ఒక మెడ తగిలించాం.

దీనికి అన్నదమ్ముడిలాంటి మాట ఒకటుంది: ఏకకంఠం. ‘సభ ఏకకంఠంతో తీర్మానించింది’ అని రాస్తాం. రెండూ ఒకటేలే అనిపిస్తుంది, కానీ సంస్కృతంలో ఈ రెంటి చోట్లూ వేరు. కంఠం గొంతుక, ధ్వని పుట్టే తావు. గ్రీవ ప్రధానంగా మెడ వెనకభాగం, ఎద్దు కాడి మోసే తావు. మాట ముందు నుంచి వస్తుంది, బరువు వెనక పడుతుంది. తెలుగు నుడికారం ఈ తేడాను ఎన్నడూ మరవలేదు. గొంతు ఎత్తుతాం, గొంతు కలుపుతాం, ఎదుటివాడు కాస్త బలవంతుడైతే మన గొంతు నొక్కుతాడు. మెడ దగ్గరికొచ్చేసరికి అన్నీ మనకు జరిగే పనులే: మెడలు వంచుతారు, మెడకు గుదిబండ కడతారు, మెడ మీద కత్తి పెడతారు, మెడపట్టి గెంటుతారు. మెడ తనంతట తాను చేసేది ఒక్కటే, తలాడించడం. అది గంగిరెద్దు కూడా చేస్తుంది.

ఏకగ్రీవం వెనక జరిగే తతంగం డెల్టా ఊళ్లలో పెరిగినవారికి చెప్పనక్కర్లేదు. నామినేషన్ల ఉపసంహరణ ముందురోజు రాత్రి గుడి మంటపంలో పెద్దమనుషులు కూర్చుంటారు. ‘ఊరి బాగు చూడరా అబ్బాయ్, ఈసారికి బాబాయిగారిని కానీ, వచ్చేసారి నీదే’ అంటారు. ఒకడు తల వంచుతాడు. తెల్లారి పేపర్లో వచ్చేది ఆ వంగిన మెడ గురించే, పేరు మాత్రం అందరిదీ. అన్ని ఏకగ్రీవాలూ ఇలాంటివేనని అనను. నిజంగా ఊరంతా ఇష్టపడి నిలబెట్టుకున్న సర్పంచులూ ఉన్నారు. చిక్కేమిటంటే ఈ రెంటినీ వేరుచేసి చెప్పే శక్తి ఆ మాటకు లేదు.

గ్రీవం పేరుతో పురాణాల్లో ముగ్గురు గుర్తొస్తారు. హయగ్రీవుడు ఇక్కడ మన పనికి రాడు. మిగిలిన ఇద్దరూ వస్తారు. రావణుడికి దశగ్రీవుడని పేరు. పది మెడలున్నా లంకలో సభ తీరినప్పుడు వినిపించింది ఒకే మాట. విభీషణుడు కాదన్నాడు, సభ దాటి, సముద్రం దాటి వెళ్లాల్సొచ్చింది. అతను వెళ్లిపోయాక లంక నిర్ణయం ఏకగ్రీవమే. ఒడ్డుకు చేరిన విభీషణుణ్ణి చేర్చుకోవాలా వద్దా అన్నప్పుడు ఇవతలి పక్షంలో జరిగింది వేరు. సుగ్రీవుడు వద్దన్నాడు. అంగదుడు, శరభుడు, జాంబవంతుడు, మైందుడు తలొక మాట చెప్పారు. హనుమంతుడు చేర్చుకోమన్నాడు. అందరూ చెప్పాకే రాముడు తన నిర్ణయం చెప్పి, కాదన్న సుగ్రీవుడికి కారణాలూ వివరించాడు. వద్దన్నవాడు శిబిరం విడిచి వెళ్లాల్సిన పని పడలేదు. ఒకే మెడ ఉన్నవాళ్ల గుంపులో పది గొంతులు వినిపించాయి, పది మెడలున్నవాడి కొలువులో ఒక్కటే వినిపించింది.

ఇంత తవ్వకానికి కారణం ఇంటర్నెట్ పేర్ల పాలన. ఆ వ్యవహారం గురించి తెలుగులో రాయబోతే మొదటి పేరాలోనే కాలికి అడ్డం పడే ఇంగ్లిషు మాట ‘కన్సెన్సస్’. చేతికందిన తెలుగు మాట ఏకగ్రీవం. అది అక్కడ పెట్టగానే వాక్యం అబద్ధమైపోతుంది.

ఇంటర్నెట్‌లో ప్రతి చిరునామా చివరా ఒక తోక ఉంటుంది: డాట్ కామ్, డాట్ ఇన్, తెలుగులో డాట్ భారత్. ఏ తోకలు ఉండాలి, ఏ అక్షరాలతో ఉండాలి, ఎవరి చేతిలో ఉండాలి అనే విషయాలు 1998లో ఏర్పడిన ఐకాన్ సంస్థ నీడలో తేలుతాయి. అందులో జీతం తీసుకునే సిబ్బంది ఉన్నారు. విధానాల ముసాయిదాలు రాసే వర్కింగ్ గ్రూపుల్లో కూర్చునేవారు, వాటికి అధ్యక్షత వహించేవారు మాత్రం ఆ పనికి సంస్థ నుంచి జీతం పుచ్చుకోరు. వకీళ్లు, ఇంజినీర్లు, భాషావేత్తలు, వ్యాపారులు, ప్రభుత్వ ప్రతినిధులు, ఏ సంస్థకూ చెందని వాడుకరులు అందులో ఉంటారు. అర్ధరాత్రుళ్లు ఫోన్లో కలుసుకుని ఒక్కో వాక్యం మీద నెలలు కొట్లాడతారు. వీళ్లు ఓటు వేసి తేల్చరు. ఒప్పుదల ఎంతవరకు కుదిరిందో అధ్యక్షుడు చెప్పాలి.

చెప్పడానికి వాళ్లు అయిదు మెట్లు పెట్టుకున్నారు. చివరి చదువులో ఒక్కరూ అడ్డు చెప్పకపోతే పూర్తి ఒప్పుదల. కొద్దిమంది కాదన్నా ఎక్కువమంది అవునంటే ఒప్పుదల. మద్దతు బలంగానే ఉన్నా వ్యతిరేకత కూడా చెప్పుకోదగినంత ఉంటే అది మూడో మెట్టు. ఎవరి దారి వారిదైతే నాలుగోది. కొద్దిమంది మాత్రమే మోసే అభిప్రాయం అయిదోది. కాదన్నవాళ్లు తమ కారణాలు రాసిస్తే నివేదికలో అచ్చవుతాయి. అధ్యక్షుడు మెట్టు తప్పు చెప్పాడనిపిస్తే సభ్యులు అతణ్ణే నిలదీయవచ్చు. మన ఏకగ్రీవం ఈ అయిదింట్లో మొదటి మెట్టుకు మాత్రమే, అదీ పైపైన, సరిపోతుంది. మిగిలిన నాలుగింటికీ మన పత్రికల్లో మాటే లేదు. మెజారిటీ, మైనారిటీ అని తలలు లెక్కపెట్టి ఊరుకుంటాం.

ఇంటర్నెట్ సాంకేతిక ప్రమాణాలు రాసే ఇంజినీర్ల సమాఖ్య ఐఈటీఎఫ్‌లో ఇంకో చిత్రం ఉంది. అక్కడి సంప్రదాయం ప్రకారం చేతులు కూడా ఎత్తరు. ‘దీనికి సరేననేవాళ్లు హమ్ చేయండి’ అంటాడు అధ్యక్షుడు. తర్వాత ‘వద్దనేవాళ్లు హమ్ చేయండి’ అంటాడు. నోరు మూసుకుని గొంతులోంచి ‘మ్’ అంటారు. 2020లో కరోనా వల్ల సమావేశాలు ఆన్‌లైన్‌లోకి మారితే ఈ ధ్వనికోసం ప్రత్యేకంగా ఒక సాధనమే తయారుచేసుకున్నారు. బయటివాళ్లు దీన్ని విడ్డూరంగా చూస్తారు. తెలుగువాడు విడ్డూరపడాల్సిన పని లేదు. అది ఊఁ కొట్టడమే. కథ చెప్పే అమ్మమ్మకు పిల్లాడి ఊఁ వినిపించకపోతే కథ ఆగిపోతుంది. ఊఁ అంటే వింటున్నానని, ఊఁ అంటే సరేనని. ఊఁహూఁ అంటే కుదరదని. రెండూ మూసిన నోటితోనే. చెయ్యెత్తితే ఎవరెత్తారో పక్కవాడికి తెలుస్తుంది, ఊఁ కొడితే గదిలో ఎంతమందికి ఇష్టమో తెలుస్తుంది కాని ఫలానావాడు అన్నాడని వేలెత్తి చూపడం కష్టం. బాబాయిగారి కళ్లల్లోకి చూస్తూ చెయ్యెత్తాల్సిన అవస్థ తప్పుతుంది. ఇందులో మెడకు పని లేదు, కంఠానిదే అంతా.

ఆ ఊఁ కూడా తీర్పు కాదు, తీర్పు ఎక్కడిదాకా వచ్చిందో చూసుకునే ఆనవాలు మాత్రమే. వద్దన్నవాడు ఒక్కడే అయినా అతని అభ్యంతరానికి జవాబు దొరికిందా లేదా అన్నది అసలు ప్రశ్న. 2014లో పీట్ రెస్నిక్ రాసిన ఆర్‌ఎఫ్‌సీ 7282 అనే పత్రం ఈ పద్ధతిని విడమరిచింది. వందమంది ఒకవైపు, అయిదుగురు ఇంకోవైపు ఉన్నా, ఆ అయిదుగురి వాదనకు మిగతావాళ్ల దగ్గర సరైన జవాబు లేకపోతే అయిదుగురి మాటే నిలవవచ్చని వాదించింది. వినడానికి ఎంత తిరకాసుగా ఉందో! మన రచ్చబండ మీద ఇలా తీర్పు చెప్పిన పెద్దమనిషి మర్నాడు ఊళ్లో తిరగగలడా? ఆ ఆర్‌ఎఫ్‌సీ అనే పేరుకే అర్థం ‘మీ అభిప్రాయాలు చెప్పండి’ అని. 1969 ఏప్రిల్‌లో మొదటిది రాసినవాడు స్టీవ్ క్రాకర్, అప్పటికి విద్యార్థి. పెద్దలకు ఆజ్ఞలు ఇస్తున్నట్టు కనపడకూడదని ఆ పేరు పెట్టాడు. నేటికీ ఇంటర్నెట్ నడిచే ప్రమాణాలు ఆ విన్నపం పేరుతోనే వెలువడుతున్నాయి.

ఆ క్రాకరే 2016లో ఐకాన్ పాలకమండలి అధ్యక్షుడిగా హైదరాబాదు వచ్చాడు. నవంబరు 3 నుంచి 9 దాకా హెచ్‌ఐసీసీలో ఐకాన్ 57వ సమావేశం జరిగింది. మూడు వేలమందికి పైగా హాజరయ్యారు. ఈ తోకలన్నీ నమోదయ్యే పేర్ల మూలపట్టిక మీద అమెరికా ప్రభుత్వ కాంట్రాక్టు ముగిసింది అంతకు నెల ముందు, అక్టోబరు 1న. తర్వాత జరిగిన మొదటి సమావేశం ఇదే. ఏ ఒక్క సర్కారు మెడా పైన లేకుండా అందరూ కలిసి నడుపుకుంటామన్న ప్రయోగం తెలుగుగడ్డ మీద మొదలైందన్నమాట. ఆ సమావేశం ఇంకా ముగియకముందే, నవంబరు 8 రాత్రి, 500, 1000 నోట్లు రద్దయ్యాయి. అభిప్రాయ సేకరణ లేని విధాన నిర్ణయం ఎలా ఉంటుందో ప్రతినిధులకు జేబులోనే తెలిసొచ్చి ఉంటుంది.

తెలుగు అక్షరాల వ్యవహారమూ ఈ చుట్టుపక్కలే నడిచింది. మూలపట్టికలో తెలుగు పేర్లు ఏ అక్షరాలతో, ఏ కూర్పుతో ఉండవచ్చో నిర్ణయించడానికి ‘నియో బ్రాహ్మీ’ బృందం ఏర్పడింది. బ్రాహ్మి నుంచి పుట్టిన తొమ్మిది లిపులు, ఒక్కో లిపికి కొందరు స్వచ్ఛంద పండితులు. బందరుకు దగ్గర్లోనే ఉన్న ఘంటసాలలో బ్రాహ్మీ శాసనాలు దొరికాయి. టాలెమీ రాసిన కొంటకొస్సిల రేవు ఇదేనని చరిత్రకారులు గుర్తించారు. ఆ లిపి వారసత్వం మీద ఈ శతాబ్దంలో జరిగిన పంచాయతీ ఇది. తెలుగు, కన్నడ లిపులు చాలాకాలం కలిసి నడిచి విడిపోయాయి. అ, ఇ, జ లాంటి అక్షరాలు ఇప్పటికీ చూపుకు ఒకేలా ఉంటాయి. అచ్చం ఒకేలా కనిపించే రెండు పేర్లు, ఒకటి తెలుగులో, ఒకటి కన్నడంలో, ఇద్దరి చేతిలో ఉంటే మోసానికి తలుపు తెరిచినట్టే. అందుకని ఒక లిపిలో ముందు పేరు దక్కితే రెండో లిపిలోని దాని ప్రతిబింబం ఎవరికీ ఇవ్వకూడదని రాసుకున్నారు. తెలుగువారు తమ పట్టిక రాసేటప్పుడు కన్నడంవారి పట్టిక కూడా చూడాల్సివచ్చింది. వారూ అంతే.

మరో నియమం మనకు కాస్త నొప్పి పుట్టించేదే. వెబ్‌సైట్ అని రాసినప్పుడు ‘బ్’ తర్వాత కంటికి కనపడని ఒక గుర్తు పెడతాం. అది ఉంటేనే పొల్లు విడిగా నిలుస్తుంది, తీసేస్తే ‘వెబ్సైట్’ అని స వత్తు కిందికి దిగుతుంది. మూలపట్టికలో ఆ కనపడని గుర్తుకు చోటు లేదు. కొన్నిచోట్ల అది ఉన్నా లేకున్నా కంటికి తేడా తెలియదు, అలాంటి రెండు పేర్లు ఉండకూడదన్నది కారణం. ఇంగ్లిషు మాటలు లేనిదే పూట గడవని మన తెలుగుకు ఇది ఇబ్బందే, కారణం మాత్రం న్యాయమైనది.

2018లో ముసాయిదాను ప్రపంచం ముందు పెట్టి అభిప్రాయాలు అడిగారు. 2019లో తెలుగు నియమాలు మూలపట్టిక నియమావళిలోకి చేరాయి. లిపి బృందం పంపిన ప్రతిపాదనను పైనున్న నిపుణుల బృందం మొత్తంగా ఒప్పుకోవాలి, లేదా మొత్తంగా తిప్పి పంపాలి. తానుగా ఒక్క అక్షరం మార్చకూడదు. ఒప్పుకోవాలంటే ఆ నిపుణుల్లో ఒక్కరూ కాదనకూడదు. మూలపట్టికలో ఒకసారి చేరినదాన్ని వెనక్కి తీయడం దాదాపు కుదరని పని కాబట్టి అంత పట్టుదల. ఏకగ్రీవం అనే మాట ఈ మొత్తం వ్యవహారంలో న్యాయంగా అతికేది ఇక్కడొక్కచోటే.

ఇదంతా డెల్టాకు ఎంత దూరమని అనుకోవచ్చు. బందరు పేరే తీసుకోండి. పారసీకంలో బందర్ అంటే రేవు. ఇరాన్‌లో బందర్ అబ్బాస్ ఉన్నట్టే మనకిది. అధికారిక కాగితాల్లో ఊరు మచిలీపట్నం, జనం నోట్లో బందరు. లడ్డూ బందరుది, రోడ్డు బందరుది, కాలువ బందరుది. రేపు ఎవరో విదేశంలో కూర్చుని ‘డాట్ బందరు’ కావాలని అడిగితే? కొత్త తోకలకు దరఖాస్తులు తీసుకున్న 2012 విడత నిబంధనల ప్రకారం రాజధాని కాని నగరం పేరు అడిగినవారు, ఆ నగరానికి సంబంధించిన పనికే వాడతామని చెప్పినప్పుడు, అదీ ఊరి అధికారిక పత్రాల్లో ఉన్న పేరైనప్పుడు మాత్రమే స్థానిక ప్రభుత్వ సమ్మతి పత్రం తేవాలి. మచిలీపట్నానికి ఆ రక్షణ కొంత ఉంది. బందరుకు అదీ లేదు. నాలుగు వందల ఏళ్ల కిందట డచ్చివాళ్లు, ఇంగ్లిషువాళ్లు కొఠీలు పెట్టుకునే ముందు గోల్కొండ సుల్తాను అనుమతి పుచ్చుకోవాల్సి వచ్చింది. ఈ పేరుకు అనుమతి అడగాల్సిన సుల్తాను లేడు.

ఊళ్ల పేర్ల నిబంధన మార్చాలా అని 2017లో ఐకాన్‌లో ఒక ఉపబృందం కూర్చుంది. దానికి నలుగురు సహనాయకులు: ప్రభుత్వాల తరఫున ఒకరు, దేశాల తోకలు నడిపేవారి తరఫున ఒకరు, సాధారణ తోకల తరఫున ఒకరు, మామూలు వాడుకరుల తరఫున ఒకరు. రెండేళ్లు వాదించారు. నగరాల విషయంలో మార్పుకు ఒప్పుదల కుదరక పాత నిబంధనే ఉండిపోయింది. కుదరలేదని రాసి సంతకం పెట్టడానికి వాళ్లు సిగ్గుపడలేదు, ఆ నిజాయితీ నాకు నచ్చింది. ఫలితం నచ్చలేదు. అధికారిక పేరొకటి, వాడుక పేరొకటి ఉన్న ఊరి కష్టం ఏ యూరపు వకీలుకన్నా బందరు మనిషికే బాగా తెలుస్తుంది. కొత్త విడత దరఖాస్తులు 2026 ఏప్రిల్ 30 నుంచి మొదలయ్యేలా పెట్టారు. రుసుము 2,27,000 డాలర్లు, దాదాపు రెండు కోట్ల రూపాయలు.

పైన జరిగిన నిర్ణయం కిందివాడికి ఎలా తగులుతుందో దివిసీమ రైతుకు అర్థం కాని సంగతేమీ కాదు. ప్రకాశం బ్యారేజీ దగ్గర వదిలిన నీరు లాకులు, తూములు దాటి, వంతులు తప్పించుకుని కోడూరు, నాగాయలంక శివారు భూముల దాకా రావాలి. పైన తూము దగ్గర నిర్ణయం జరిగిపోయాక కింద శివారులో అరిచి లాభం లేదు. పేర్ల మూలపట్టిక ఆ పైతూము, తెలుగు వాడుకరి శివారు ఆయకట్టుదారు. ఇక్కడా శివారువాడి గొంతుకు చట్టం ఒక చోటు ఇచ్చింది. 1997 చట్టంతో నీటి సంఘాలు పుట్టాయి. 2024 డిసెంబరులో వాటి ఎన్నికలు జరిగినప్పుడు పేపర్లు మళ్లీ ఏకగ్రీవం మాటతోనే నిండిపోయాయి. ఊరు మారినా, సంఘం మారినా మాట మారదు.

ఇక ఐకాన్‌లో సాగే ఆ జీతం లేని పనికి మనం వాడే మాట, స్వచ్ఛందం. స్వ, ఛంద: తన ఇష్టం. చాలామంది దీన్ని స్వచ్ఛ భారత్‌లోని స్వచ్ఛతో కలిపేస్తారు, దానికీ దీనికీ చుట్టరికం లేదు. అమరసింహుడు స్వచ్ఛందుణ్ణి స్వతంత్రుడి పక్కన, స్వైరి పక్కన, అడ్డూ ఆపూ లేని నిరవగ్రహుడి పక్కన కూర్చోబెట్టాడు. అంటే కాడి వేయించుకోనివాడు. ఇలాంటివాళ్లను ఒకే గ్రీవం కిందికి తేవడం ఎలా కుదురుతుంది? జీతం లేనివాడు ఏ క్షణమైనా లేచిపోగలడు. అతణ్ణి పట్టి ఉంచేది తన అభ్యంతరం విన్నారన్న నమ్మకం ఒక్కటే. 2019 ఆగస్టు 15 తర్వాత మన రాష్ట్రంలో వాలంటీర్ అంటే నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనంతో ఇంటింటికీ తిరిగే మనిషి అని అర్థం స్థిరపడింది. వాళ్లు చేసిన పనిని తక్కువ చేయను, మాట అర్థం మాత్రం మారిపోయింది. ఇదే బందరులో 1910లో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభిసీతారామయ్య కలిసి ఆంధ్ర జాతీయ కళాశాల పెట్టినప్పుడు ఎవరి మెడ మీదా ఎవరూ కాడి పెట్టలేదు. ఆ పాత అర్థం తెలిసిన ఊరే ఇది.

కన్సెన్సస్‌కు నా ఓటు ఒప్పుదలకు. తప్పొప్పుల్లోని ఒప్పూ, ఒప్పుకోవడంలోని ఒప్పూ మన భాషలో ఒకే మాట. వాదన విని, అందులో ఒప్పు ఎంతో చూసుకుని, అప్పుడు ఒప్పుకోవడం అన్న వరస అందులో ఉంది. పూర్తి ఒప్పుదల, ఒప్పుదల, వ్యతిరేకతతో కూడిన ఒప్పుదల అని మెట్లు కట్టడానికీ వీలుగా ఉంటుంది. ఏకగ్రీవాన్ని పంచాయతీ వార్తలకు వదిలేద్దాం, దాని లక్షలు దానివి.

ఐకాన్ ఏ నియమం మార్చాలన్నా ముసాయిదా బయటపెట్టి అభిప్రాయాలు అడుగుతుంది. ఎవరైనా రాయవచ్చు, రుసుము లేదు. పని ఎక్కువగా ఇంగ్లిషులోనే నడుస్తుంది, తర్జుమాలు ఐక్యరాజ్య సమితి ఆరు భాషల్లో వస్తాయి. తెలుగు ఆ ఆరింట్లో లేదు. బందరు, గుడివాడ, అవనిగడ్డ కాలేజీల్లో తెలుగు చెప్పే మాస్టార్లూ, కంప్యూటరు చెప్పే మాస్టార్లూ ఒక సాయంత్రం కలిసి కూర్చోండి. వాడుక పేర్లున్న ఊళ్ల గురించి ఒక పేజీ రాసి పంపండి.